విశాఖతీర విహారమునకు మా సన్నాహము

మన గృహములలో స్త్రీలు ప్రయాణము చేయుట క్రొత్త గాదు. పుష్కరములకు పోవుదుము, మ్రొక్కు తీర్చుటకు తిరుపతి పోవుదుము, పురుటికో, పెండ్లిపనులకో, జబ్బుమనిషికి సాయమునకో బంధువుల యిండ్లకు పోవుదుము. ఈ ప్రయాణములన్నిటికిని ఒక్క లక్షణము సమానము: ఎవరికొఱకో పోవుదుము గాని మనకొఱకు గాదు. ఊరక రెండు దినములు చెలులతో గూడి సముద్రపుటొడ్డున కూర్చుండి వత్తమనినచో, వినువారికంటె చెప్పువారికే ముందుగా సిగ్గు గలుగును. ఆ సిగ్గును దాటి మేము చేసికొన్న సన్నాహమును సోదరీమణులకు విన్నవించుచున్నాము. ఇట్టి కోరికగల మఱికొందఱికి ఇందలి లెక్కలు ఉపయోగపడవచ్చును.

రాజమహేంద్రవరమున ఒక్క వీథిలో కాపురముండు వారము మేము ఆఱుగురము. శుక్రవారము మధ్యాహ్నములందు ఒక యింట చేరి భారతము చదువుకొనుట మాకలవాటు. అగస్త్యుడు సముద్రమును త్రావిన కథ వచ్చిన దినమున, మాలో ముగ్గురు సముద్రమును కన్నులార చూచియే యుండలేదని తేలినది. గోదావరి యొడ్డున పుట్టి పెరిగి, ఆ యేఱు చేరు సముద్రమును చూడకుండుటయా యని మేమే నవ్వుకొంటిమి. సంకల్పమచ్చటనే కలిగినది.

ఎచ్చటికి పోవలయును? అంతర్వేది మాకు దగ్గఱ. కాని మేము కోరినది సందడిగల తీరము. సాయంకాలము జనులు తిరుగుచుండవలె. బాట పొడుగున దీపములుండవలె. చీకటిపడిన పిదప ఆఱుగురు స్త్రీలు నడచినను జంకు లేకుండవలె. పూరీ మాకు దూరము. విశాఖపట్టణము రైలుమార్గమున సుమారు 200 కిలోమీటర్లు. ఉదయమున విజయవాడలో బయలుదేరు రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ మా యూరిమీదుగా పోయి మధ్యాహ్నమునకు విశాఖ చేరును. రాత్రిప్రయాణపు బెడద లేదు. బండిలో చోటు 60 దినములు ముందుగా కొనవచ్చును. 2024 అక్టోబరు వఱకు ఈ గడువు 120 దినములుండెడిది.

అసలు చిక్కు దారిలో లేదు, ఇండ్లలో నున్నది. మాలో నొకామె యత్తగారు నాలుగేండ్లుగా పక్షవాతముతో మంచముపై నున్నారు. ఈ నాలుగేండ్లలో ఆ కోడలు ఒక్క రాత్రియైన ఇల్లు విడిచి యుండలేదు. వేఱొక చెలి భర్తను గోల్పోయి రెండేండ్లయినది. కుట్టుపనితో ఇద్దఱు బిడ్డలను చదివించుచున్నది. "నేను వస్తే నలుగురూ నాలుగు మాటలంటారు, వదినగారూ, మీరు వెళ్ళిరండి" అని ఆమె మొదటినుండియు వెనుదీయుచునే యుండెను. అప్పుడు మాలో పెద్దవారగు పిన్నిగారు ఒక యుపాయము చెప్పిరి. "సింహాచలం వెడుతున్నామని చెబుదామర్రా. స్వామి పేరు చెబితే ఎవరూ కాదనరు. సముద్రం పక్కనే కదా!"

ఉపాయము సుళువైనదే. సింహాచలము విశాఖకు చేరువనే యున్నది. అచ్చటి స్వామి సంవత్సరమంతయు చందనపు పూతలో నుండి, అక్షయతృతీయనాడు మాత్రమే నిజరూపమున దర్శనమిచ్చును. కాని పిన్నిగారి మాటపై మేము రెండు శుక్రవారములు తర్కించుకొంటిమి. దర్శనము తప్పక చేసికొందుము, అది వేఱు. మనసు కోరినది సముద్రమైనప్పుడు స్వామిని సాకుగా నిలుపుట భక్తి యగునా? మఱియు, నేడు మనము సాకుతో పోయినచో రేపు మన కూతుండ్రును కోడండ్రును సాకు వెదకుకొనవలసినదే గదా! ఉన్నమాట చెప్పుదమనియే తుదకు నిశ్చయమైనది. పిన్నిగారును ఒప్పుకొనిరి.

మంచముపై నున్న అత్తగారితో కోడలు భయపడుచునే చెప్పినది. ఆమె కొంతసే పూరకుండి, "సింహాచలమంటే ప్రసాదం తెమ్మనేదాన్ని. సముద్రమన్నావు కనక గవ్వలు తీసుకురా" అనెనట. ఆ మూడు దినములు ఆడపడుచు వచ్చి తల్లిని చూచుకొనును. ఆమె ఒక దినము ముందుగానే వచ్చి, రెండేసి గంటలకొకమాఱు రోగిని ప్రక్కకు ఒత్తిగిలజేయు విధము, మందుల వేళలు కోడలివద్ద నేర్చుకొనును. ఆ వేళలును, వైద్యుని టెలిఫోను అంకెయు పెద్ద యక్షరములతో వ్రాసి గోడకు అంటించుటకూడ మా సన్నాహములో నొక భాగమే. దీనిని కుదుర్చుకొన్న పిదపనే తక్కినవానిని తలపెట్టితిమి.

ధనవిషయమున మా నియమ మొక్కటే: అందఱిలో తక్కువ ఇయ్యగల చెలికి అందునదే అందఱి వ్యయము. కుట్టుపని చేయు చెలి నెలకు 500 రూపాయలు తీయగలననెను. కనుక ఆఱుగురమును నెలకు 500 చొప్పున ఆఱు నెలలు కూడబెట్టుచున్నాము. మొత్తము 18,000 రూపాయలు. ఇద్దఱికొక గదిగా మూడు గదులకు రెండు రాత్రులకు 9,000. ఆపదకు ముట్టకుండ నుంచునది 2,000. మిగిలిన 7,000 రైలు, భోజనము, ఊరిలో తిరుగుటకు. సంచి యొకరి చేత, లెక్కపుస్తకము వేఱొకరి చేత నుండును. "ఈ పూట నేనిస్తాను" అను దొడ్డతనము ఎవరును చూపరాదు. పుచ్చుకొనువారికి అది బరువగును. ఈ నియమము విన్నపిదప, రానన్న యా చెలియే మఱునాడు ఉమ్మడి సొమ్మునకు చక్కని గుడ్డసంచి కుట్టి తెచ్చినది. మేమేమియు అడుగలేదు.

ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15 నుండి స్త్రీలకు పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ మొదలగు ఆర్టీసీ బస్సులలో ఉచితప్రయాణము గలదు. దానికిని, బసలో గది యిచ్చుటకును గుర్తింపుకార్డు చూపవలయును గనుక ఎవరి కార్డు వారు కొంగున కట్టుకొన్నంత భద్రముగా ఉంచుకొనవలయును.

కాలనిర్ణయము పంచాంగము ముందుంచుకొని చేసితిమి. వేసవిలో ఉక్క. ఆశ్వయుజ కార్తికములు తుపానుల కాలము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖయొద్దనే తీరము దాటి, పట్టణపు చెట్లను లెక్కకు మిక్కిలిగా కూల్చినది. సంక్రాంతికి బండ్లలో చోటు దొరకదు. మార్చిలో పిల్లల పరీక్షలు. కనుక మాఘమాసమే మిగిలినది. అందు పౌర్ణమి దినమున చేరునట్లు కోరుకొంటిమి. విశాఖతీరము తూర్పుమొగమైనది, ప్రొద్దు క్రుంకు వేళకే నిండుచంద్రుడు నీటిలోనుండి పైకి వచ్చును. ఉదయమున మాఘస్నానములకు వచ్చు జనసమ్మర్దము మేము చేరునప్పటికి తగ్గియుండును.

మొదటి సాయంకాలము రామకృష్ణాబీచి. అచ్చట ఒడ్డున నిలిపియుంచిన కురుసుర జలాంతర్గామిని చూతుము. అది 1969లో మన నౌకాదళమున చేరి, 1971 యుద్ధకాలమున సేవచేసి, 2001లో విశ్రమించినది. 2002 నుండి ప్రదర్శనశాలగా నున్నది. లోపలి దారి మిక్కిలి ఇఱుకు. పిన్నిగారికి మోకాళ్ళనొప్పి గనుక వెలుపల ఆమెతో ఒకరు కూర్చుందుము. పిదప మురీ మిక్చరు, కాల్చిన మొక్కజొన్నపొత్తులు, వెన్నెల.

రెండవ దినమున వేకువనే తీరమున నడచి, పిదప ఉత్తరముగా భీమునిపట్టణపు బాట పట్టుదుము. దారిలో కైలాసగిరి, అటుపైని తొట్లకొండ. ఇచ్చట 1988 మొదలుగా జరిగిన త్రవ్వకములలో రమారమి రెండువేల యేండ్లనాటి బౌద్ధారామము బయటపడినది. భిక్షువులు నీటికై రాతిలో తొలిచిన తొట్లవలననే కొండకు ఆ పేరు వచ్చినది. భీమునిపట్టణము పూర్వము డచ్చివారి వర్తకస్థానము; వారి సమాధులు నేటికిని గలవు. గోస్తనీనది సముద్రమున గలియుచోటు అచ్చటనే. ఏటివారమగు మాకు అది చూడకున్న మనసు నిలువదు. మూడవనాటి ఉదయమున సింహాచలము, మధ్యాహ్నము తిరుగుబండి. అరకులోయకూడ చూతమని ఇద్దఱు అడిగిరి గాని, నూఱు కిలోమీటర్లకు పైబడిన కొండదారి ఇందు ఇమడదు. పరుగెత్తి చూచినది చూచినట్లు గాదు.

సముద్రమునుగూర్చి ఒక్క హెచ్చరిక. అలలు ఒడ్డుకు మోసికొని వచ్చిన నీరు కొన్నిచోట్ల ఇఱుకైన పాయగా కూడి వడిగా లోనికి మరలును. పైకి అచ్చట అలలు తక్కువగా నుండి నెమ్మదిగా కానవచ్చును. కాలు నిలువనీయక లాగునది అదియే. పౌర్ణమి అమావాస్యలకు పోటుకూడ హెచ్చు. లాగుడులో పడినవారు ఒడ్డునకు ఎదురీదక, తీరము వెంబడి ప్రక్కకు పోయి పిదప గట్టు చేరవలయునని తెలిసినవారి మాట. ఈత రాని మేము మోకాలిలోతు మించి దిగము. చీకటిపడిన పిదప నీటిలో కాలు పెట్టము. ఇద్దఱిద్దఱము చేతులు పట్టుకొని నిలుతుము. సముద్రపు హద్దునకు తెలుగున చెలియలికట్ట యని పేరు. ఆ కట్ట సముద్రమునకే గాదు, చూడబోవు చెలులకును వర్తించును.

ఆఱు టిక్కెట్లును కొంటిమి. సోదరీమణులారా, మీ వీథినుండియు ఇట్లు పోదలచినచో, రాగలవారిని లెక్కించుటకు ముందు రాలేని యామె ఎవరో వెదకుడు. ఆమె యింటి వీలు, ఆమె చేతి సొమ్ము, ఆమె నడువగల దూరము కొలతగా పెట్టుకొనుడు. తక్కినవారికి ఆ కొలత ఎన్నడును చాలకపోదు.