సముద్రం ఒడ్డున నేర్చుకున్న పాఠం

భూమిపై సంచరించి చూడమని దివ్యఖుర్ఆన్ పలుచోట్ల మానవులకు చెబుతుంది. గతించిన జాతుల పర్యవసానాన్ని గమనించమంటుంది. అల్లాహ్ సృష్టిని ఎలా ఆరంభించాడో ఆలోచించమంటుంది. ఈ ఆయతులను 30 ఏళ్ళుగా మదరసాలో బోధిస్తున్నాను. అయినా 54 ఏళ్ళు వచ్చేదాకా నేను సముద్రాన్ని చూడలేదు.

మాది కర్నూలు జిల్లా కోసిగి. చుట్టూ రాతిగుట్టలు, వానను నమ్ముకున్న చేలు. వాన ముఖం చాటేసిన ఏడు సగం ఊరు మూటాముల్లె సర్దుకుని మిరపకోతలకు గుంటూరు వైపు సుగ్గికి పోతుంది. వేసవి వస్తే కొళాయి దగ్గర బిందెల వరుస వీధి చివరిదాకా సాగుతుంది. నీటిని కొలిచి వాడటం మా ఇళ్ళలో పిల్లలకు మాటలతోపాటే వస్తుంది.

ఫిఖ్హ్ పాఠాలు నీటి ప్రకరణంతో మొదలవుతాయి. అందులో ఒక ప్రసిద్ధమైన హదీసును ఏటా చెబుతాను. ఒక వ్యక్తి దైవప్రవక్త (స) వద్దకు వచ్చి, తాము సముద్రంపై ప్రయాణిస్తామని, వెంట కొద్దిపాటి మంచినీరే తీసుకువెళ్తామని, దానితో వజూ చేస్తే దాహానికి మిగలదని విన్నవించి, సముద్రపు నీటితో వజూ చేయవచ్చునా అని అడిగాడు. ఆ నీరు పరిశుద్ధమైనదని, పరిశుద్ధపరచేదని ఆయన (స) సమాధానమిచ్చారు. హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు ఆధారంగా నీటి రకాలను, వాటి ఆదేశాలను నల్లబల్లపై వ్రాసి వివరించేవాడిని. పిల్లలు వల్లె వేసేవారు. సముద్రం ఎలా ఉంటుందని ఏ పిల్లవాడైనా అడిగితే, చాలా పెద్ద చెరువు అనుకోమనేవాడిని.

నా అర్ధాంగికి మాత్రం సముద్రం చూడాలనే కోరిక పెళ్ళినాటి నుండీ ఉన్నది. ఆమె తండ్రి బొంబాయి నుండి ఓడలో హజ్జ్‌కు వెళ్ళివచ్చినవారు. 1995లో ఓడ ప్రయాణాలు నిలిచిపోయేదాకా మన పెద్దలలో చాలామంది అలాగే వెళ్ళారు. రోజుల తరబడి నేల కనిపించని ఆ నీటిని గురించి ఆయన చెప్పిన కబుర్లు వింటూ ఆమె పెరిగింది. “ఏమండీ, ఒక్కసారి సముద్రం చూపించరూ?” అని ఏడాదికోసారి అడిగేది. విహారయాత్ర కాలక్షేపమని, విశ్వాసికి అంతకంటే ముఖ్యమైన పనులుంటాయని నేను జవాబు చెప్పేవాడిని. ఆమె మారు మాట్లాడేది కాదు. ఈ విధంగా 28 సంవత్సరాలు గడిచాయి.

మా అల్లుడి ఉద్యోగం విశాఖపట్నానికి మారింది. “అమ్మీకి మోకాళ్ళు పూర్తిగా పట్టేయకముందే తీసుకురండి, అబ్బాజాన్” అని అమ్మాయి ఫోనులో అన్నది. ఆ మాట నాకు గుచ్చుకున్నది. పరీక్షలు ముగియగానే సెలవులలో బయలుదేరాము. గుంతకల్లులో రైలెక్కి నంద్యాల, నల్లమల అడవి, గుంటూరు, విజయవాడల మీదుగా మరునాటికి విశాఖ చేరుకున్నాము.

ఫజ్ర్ నమాజు తరువాత అల్లుడు మమ్మల్ని రామకృష్ణా బీచ్‌కు తీసుకువెళ్ళాడు. సూర్యుడు నీటిలోనుండి పైకి వస్తున్నాడు. నాకు మాట రాలేదు. పిల్లలకు చెప్పిన చెరువు పోలిక గుర్తుకొచ్చి సిగ్గు కలిగింది. మా ఆవిడ అల్లుడి చేయి పట్టుకుని అలదాకా నడిచింది. వంగి దోసిలి పట్టి, ఒక చుక్క నాలుకకు తగిలించుకుని వెంటనే ఉమ్మేసింది. “ఇన్ని నీళ్ళుండి ఒక్క బిందెకైనా పనికిరావా!” అన్నది.

హదీసులోని ఆ మనిషి అప్పుడు నా కళ్ళముందు నిలిచాడు. అతడు కేవలం శాస్త్రవిషయం తెలుసుకోవడానికి అడిగినవాడు కాడు. చుట్టూ నీరే ఉండి, తాగేందుకు తిత్తిలో ఉన్నది మాత్రమే లెక్కపెట్టుకుంటున్న మనిషి. మా వీధిలో బిందెలు లెక్కపెట్టుకునే స్త్రీలవంటివాడు. ఆ ప్రశ్న దాహంలోనుండి పుట్టింది. దైవప్రవక్త (స) ఆ దాహాన్ని గమనించి అతని భారం తగ్గించారు. 30 ఏళ్ళు నేను బోధించిన పాఠంలో ఆదేశం ఉన్నది గాని, ఆ మనిషి లేడు. కొళాయి వరుసలో నిలబడిన నా భార్య ఒక్క చుక్కతో దాన్ని గ్రహించింది.

రెండవరోజు అదే తీరంలో ఉన్న కురుసుర జలాంతర్గామిని చూడటానికి వెళ్ళాము. సోవియట్ దేశంలో తయారై 1969లో మన నౌకాదళంలో చేరిన ఈ నౌక 1971 యుద్ధకాలంలో సేవలందించి, 2001లో విరమించింది. మరుసటి ఏడాది దీనిని ఒడ్డుకు చేర్చి ప్రదర్శనశాలగా మార్చారు. 91 మీటర్ల ఆ ఇనుపగొట్టంలో 70 మందికి పైగా మనుషులు నెలల తరబడి గడిపేవారట. అక్కడ కూడా మంచినీటిని కొలిచే వాడుకునేవారట. చేప గర్భంలో, చీకట్లలో హజ్రత్ యూనుస్ (అ) చేసిన దుఆను మనసులో చదువుకుంటూ ముందుకు నడిచాను. ఒక గది నుండి మరొక గదికి గుండ్రని ఇరుకు ద్వారంగుండా నడుము వంచి, కాలెత్తి దాటాలి. మా ఆవిడ మెట్లెక్కి మొదటి ద్వారం చూసి, తనవల్ల కాదని వెనుదిరిగింది. నేను బయటకు వచ్చేసరికి బల్లపై కూర్చుని మోకాలు ఒత్తుకుంటున్నది. “లోపల ఎలా ఉన్నదండీ?” అని అడిగింది. పదేళ్ళ క్రితం తెచ్చి ఉంటే తానే చూసేది కదా అనిపించి, గొంతు పట్టేసింది.

ఈ నగరాన్ని 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను అతలాకుతలం చేసింది. ఆ పేరు సూచించిన దేశం ఒమన్. హజ్రత్ సులైమాన్ (అ)కు సబా దేశపు వార్త తెచ్చిన పక్షి పేరది; నమ్ల్ సూరా చదివిన ప్రతి బాలుడికీ తెలుసు. తీరంలో చెట్లు కూలి, రోజుల తరబడి కరెంటు లేక జనం పడిన అవస్థను అల్లుడి పొరుగువారు వివరించారు. ఉదయం మన కాళ్ళను మృదువుగా తాకిన అలయే ప్రభువు ఆజ్ఞ అయితే ఎంతటి శక్తిగా మారగలదో అర్థమయింది.

ఓడరేవు ముఖద్వారం పక్కన మూడు కొండలు వరుసగా ఉన్నాయి. ఒకదానిపై చర్చి, ఒకదానిపై దర్గా, ఒకదానిపై వేంకటేశ్వరాలయం. 1933 నుండి ఈ రేవుకు వచ్చిన ఓడలెన్నో ఈ మూడింటి ముందునుండే లోపలికి ప్రవేశించాయి. దర్గాకొండపై హజ్రత్ ఇస్హాఖ్ మదనీ సమాధి ఉన్నది. నేను పైకి వెళ్ళి, సున్నత్ ప్రకారం సమాధివాసికి సలాం చెప్పి, ఆయన కోసం దుఆ చేసి దిగాను. మా ఆవిడ కిందనే ఉండిపోయి, ఓడలు వచ్చిపోవడం మనవరాలికి చూపించింది.

నాలుగవరోజు భీమిలి రోడ్డున వెళ్ళాము. మొదట తొట్లకొండ. సుమారు రెండువేల ఏళ్ళ క్రితం బౌద్ధ భిక్షువులు నివసించిన ఆరామం శిథిలాలు అక్కడున్నాయి. వాహనం పైదాకా వెళ్తుంది గనుక మా ఆవిడ కూడా వచ్చింది. నీటి నిల్వ కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లనే ఆ కొండకు ఆ పేరు. ఎదురుగా అంతులేని సముద్రం, కొండపైన వాననీటి తొట్టి! “వీళ్ళూ మనవంటివాళ్ళే” అన్నది ఆవిడ. తరువాత ఎర్రమట్టి దిబ్బలు. గాలి, నీరు కలిసి వేల ఏళ్ళుగా మలచిన ఆ ఎర్రని గట్లమధ్య నిలబడితే సముద్రం కనుమరుగై మన సీమకే వచ్చినట్లుంటుంది. చివరన భీమునిపట్నంలో డచ్చి వర్తకుల పాత శ్మశానం. వ్యాపారం కోసం సముద్రాలు దాటివచ్చిన ఆ జాతి సంపద ఏమైందో తెలియదు. పేర్లు చెక్కిన రాళ్ళు మిగిలాయి. సమాధులను దర్శించడం పరలోకాన్ని గుర్తుచేస్తుందన్న ప్రవక్త (స) బోధ అక్కడ స్ఫురించింది.

వెళ్ళదలచిన కుటుంబాలకు రెండు మాటలు. అలలు పైకి శాంతంగా కనిపించినా అడుగున లాగే ప్రవాహం ప్రమాదకరం. పిల్లలను లోతుకు పోనివ్వకండి. చేజేతులా మనల్ని మనం నాశనంలోకి నెట్టుకోరాదన్నది ఖుర్ఆన్ హెచ్చరిక. 15 రోజులకన్నా తక్కువ ఉండదలచిన ప్రయాణికుడికి హనఫీ మస్లక్ ప్రకారం నాలుగు రకాతుల ఫర్జ్ రెండే; స్థానిక ఇమాము వెనుక చదివితే మాత్రం నాలుగూ పూర్తి చేయాలి. విహారం నమాజును మింగివేయకూడదు.

చివరి సాయంత్రం అస్ర్ తరువాత మళ్ళీ తీరానికి వెళ్ళాము. నేను పిల్లలకు చెప్పే మరొక హదీసు అక్కడ గుర్తుకొచ్చింది. హబషీలు మస్జిద్‌లో బల్లేల విన్యాసాలు చేస్తున్నప్పుడు దైవప్రవక్త (స) తన దుప్పటిని మరుగుచేసి, హజ్రత్ ఆయిషా (రజి)కు దానిని చూపించారు. ఆమెకు చాలనిపించేదాకా ఆయన (స) అలాగే నిలబడి ఉన్నారు. ఒక సమాజానికంతటికీ మార్గదర్శనం చేస్తున్న మహనీయునికి భార్య సంతోషం కోసం నిలబడే తీరిక ఉన్నది. కోసిగి మదరసాలో నాలుగు పుస్తకాలు చెప్పుకునే నాకు 28 ఏళ్ళపాటు ఆ తీరిక దొరకలేదు. పైగా నా బద్ధకానికి ధర్మం పేరు పెట్టాను.

“నిన్ను ఇంతకుముందే తీసుకురావలసింది. తప్పు నాదే” అన్నాను. “ఇప్పుడు తెచ్చారుగా” అని ఆమె మళ్ళీ నీటివైపు తిరిగింది. మగ్రిబ్‌కు ఇంకా సమయమున్నది. నాకు కాళ్ళు నొప్పి పుడుతున్నాయి. ఆమెకు ఇంకా చాలనిపించలేదు. పక్కనే నిలబడ్డాను.

అల్లాహ్ మన ఇళ్ళలో బాకీపడిన చిన్న చిన్న సంతోషాలను, మోకాళ్ళలో సత్తువ ఉండగానే తీర్చుకునే సద్బుద్ధిని మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.