వెలుగుకు మారుమోత

స్వాతి నక్షత్రం మెరిసే భూతేశ మండలంలోనే, దాదాపు 24 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన, ఎన్‌జీసీ 5548 గెలాక్సీ ఉంది. దాని నడుమ కోట్ల సూర్యుల బరువున్న కృష్ణబిలం. చుట్టూ తిరిగే వాయువు హబుల్ అంతరిక్ష టెలిస్కోపు కంటికి కూడా విడిగా కనబడదు. అందుకే బావిలోకి కేకేసి మారుమోతకు ఆగినట్టు, కాలంతో కొలుస్తారు. కృష్ణబిలాన్ని చుట్టుకున్న వేడి పదార్థపు పళ్లెం భగ్గుమన్న కొన్నాళ్లకు వాయువు మెరుస్తుంది. ఆ ఆలస్యమే వాయువు ఎంత దూరాన ఉందో చెబుతుంది.

ఈ మెరుపులను చూపే అతినీలలోహిత కాంతిని మన గాలి చాలావరకు అడ్డుకుంటుంది. కనుక 2014లో హబుల్ దాదాపు ఆరు నెలలు, ఇంచుమించు రోజూ, పైనుంచి అటే చూసింది. వాయువులోని కార్బన్ మెరుపు సుమారు 5 రోజులు వెనకబడింది. ఎంత ఓపికైన పని! అయితే నన్ను కట్టిపడేసింది వేరు: నడుమ రెండు నెలలకు పైగా వాయువు ఆ వెలుగుకు సరిగా పలకలేదు. లోపలి నుంచి ఎగసిన వాయుప్రవాహమే అడ్డుపడిందని ఒక వివరణ. లెక్క కుదరని ఆ రోజులే నాకు ఈ పరిశోధనలో అన్నిటికన్నా విలువైనవి.