నొక్కితే ఆగే బూస్ట్!

ఫ్లైఓవర్ సగం ఎక్కేసరికి బ్యాటరీ ఆటో ఆగిపోయింది. వెనక స్కూలు పిల్లలు. బూస్ట్ మీట నొక్కితే కాసేపు ఊపందుకోవాలి. అదేమో ఉన్న కరెంటూ తీసేస్తోంది! కంట్రోలర్ పోయిందన్నారంతా. కొత్తది కొంటే ఈ నెల ఫైనాన్సు వాయిదా మాటేమిటి? మెకానిక్ కుర్రాడు మీటరు పట్టుకుని పక్కన కూర్చున్నాడు. ఆగి ఉంటే 50 వోల్టులు. బూస్ట్ నొక్కగానే 41. 42 దాటి దిగితే బ్యాటరీ పాడవకుండా కంట్రోలరే సరఫరా ఆపేస్తుంది. తడిమి చూస్తే ఒక టెర్మినల్ చురుక్కుమంది. తుప్పు! విప్పి, గీకి, బిగించాడు.

‘‘పన్లోపని బూస్ట్ టైము పెంచరాదూ’’ అన్నాడు డ్రైవరు.

‘‘కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు బాబాయ్. వైండింగ్ మాడిపోద్ది.’’

సాయంత్రం అదే ఎత్తులో 45 కన్నా దిగలేదు. పిల్లల్ని ఇళ్ల దగ్గర దించేసరికి అయిదున్నర.