రాతి కమానుల నీడ

హైదరాబాదునందు అబిడ్సునుండి మొజంజాహీ మార్కెట్టు కూడలికి నడచువానికి వాహనముల రొదకు చెవులు చిల్లులు పడును. రాతి కమాను దాటి ముంగిట అడుగిడినచో ఆ రొద వెనుకబడును. 1935లో ఏడవ నిజాము తన రెండవ కుమారుని పేర కట్టించిన అంగడి ఇది. అచటి అత్తరు వర్తకుడు కొనుమని తొందరపెట్టడు. మణికట్టుపై ఒక చుక్క రాసి ఊరకుండును. తొందరించినచో పరిమళమెట్లు తెలియును?

ఈ నెమ్మది ఒకప్పుడు చేజారబోయినది. ఆలనలేక కప్పులు కారినవి. రేకుల పందిళ్లు కమానులను మరుగుపరచినవి. 2020లో మరమ్మతులు ముగిసినపిమ్మటనే ఆ రాతిపని మరల కనులబడినది.

ముంగిటి బల్లయొద్ద మనుమడు గిన్నె అడుగున మిగిలిన పండ్ల ఐసుక్రీమును చెంచాతో గీకుచుండును. బయట బస్సు మోత తాతకు వినబడదు.