వంకలు పెట్టే గిరాకి

చలి మస్తుగున్నది, మంట కాడికి జరగండ్రి. ఇయ్యాల మగ్గాల ముచ్చట కాదు, ఒక గిటార్ ముచ్చట చెప్త. ముస్తాబాదుల కూసొని మ్యూనిక్ సంగతులు మనకెందుకంటరా? మంట కాడి ముచ్చటకు పొలిమేరలు ఉండయి గద. అయినా తిరిగి తిరిగి అది సిరిసిల్ల బాటనే పడ్తది, సూడుండ్రి.

జర్మనీల మ్యూనిక్ పట్నంల హెర్మన్ హౌజర్ అని ఒకాయన ఉండె. 1882ల పుట్టిండు. నాయిన యోసెఫ్ జిథర్లు చేసెటాయన. జిథర్ అంటే బల్ల మీద పండవెట్టి మీటే తంత్రుల పెట్టె. మన హిందుస్తానీ పాటగాళ్లు ఒళ్లె పెట్టుకునే స్వరమండలానికి దగ్గరి సుట్టం. కొడుకు ఆ పని నేర్చిండు, గిటార్లూ చేసిండు. మంచి పనోడని పేరొచ్చింది. అంతల 1924ల ఆంద్రెస్ సెగోవియా కచేరి చేయనీకి మ్యూనిక్ వచ్చిండు.

సెగోవియా స్పెయిన్ దేశపాయన. సారాయి దుకాణాలల్ల మోగే గిటారును పెద్ద పెద్ద సభలకెక్కిచ్చినోళ్లల్ల ముందుగాల చెప్పే పేరు ఆయనదే. అప్పుడాయన చేతిల ఉన్నది మాద్రిదుల మాన్యుయెల్ రామిరెజ్ కార్ఖానాల 1912ల తయారైన గిటార్. హౌజర్ చేసిన గిటార్లు సెగోవియా జూసిండు, పనితనం మెచ్చిండు. మెచ్చి ఊకోలే, తన గిటారును ఆయనకు చూపెట్టి కొలతలు తీసుకోనిచ్చిండు. ఈ తీరుగ చెయ్యి, సూద్దామన్నడు.

ఇగ అక్కడి నుంచి హౌజర్ చేసి చూపెట్టుడు, సెగోవియా వాయించి వంక పెట్టుడు. పెండ్లిచూపులకొచ్చి, పెట్టింది తిని, "మళ్ల చెప్తం" అని లేచిపోయెటోళ్ల తీరు. ఎన్నేండ్లు నడిచిందనుకున్నరు? 1937 దాక. పదమూడేండ్లు! ఆ ఏడు చేసిన గిటారును చేతిల పట్టుకొని, ఈ కాలంల దీన్ని మించింది లేదన్నడు సెగోవియా. పాతికేండ్లు దాన్నే కచేరీలల్ల వాయించిండు. ఇప్పుడది న్యూయార్కుల మెట్రోపాలిటన్ మ్యూజియంల ఉన్నది. పాత రామిరెజ్ గిటార్ కూడ అక్కడనే ఉన్నది.

అందరు సెగోవియా చెవిని పొగుడుతరు. నాకైతే హౌజర్ ఓపికనే పెద్దగ కనవడ్తది. నలభై దాటిన వయసుల, పేరున్న పనోడు, మళ్ల విద్యార్థి లెక్క ఇంకొకని గిటార్ ముంగట కూసొని కొలతలు రాసుకునుడంటే మాటలా?

అసలు అంతగనం సరిదిద్దనీకి గిటారుల ఏమున్నదంటరా? ప్రాణమంతా మీది పలకలనే ఉంటది. ఒకే దుంగల నుంచి కోసిన రెండు పలకలను పుస్తకం తెరిచినట్టు పక్కపక్కన అతికిస్తరు. మందం రెండు, రెండున్నర మిల్లీమీటర్లు. దాని కింద విసనకర్ర పుల్లల తీరుగ సన్న బద్దలు. ఆ బద్దను గోరంత గీకినా నాదం మారుతది. ఈ పద్ధతిని కుదురు చేసిన స్పెయిన్ పెద్దమనిషి తోరెస్, వెనుక, పక్కలు అట్టతోని చేసి 1862ల ఒక గిటార్ కట్టిండు. నాదం మీది పలకదే అని రుజువు చేయనీకి!

గీ పరదేశపు పెట్టెల మన వాటా కూడ ఉన్నది. వెనుక, పక్కలకు ఒకప్పుడు బ్రెజిల్ రోజ్‌వుడ్ వాడేది. అది కరువై, ఇప్పుడు మన దేశపు రోజ్‌వుడ్, అంటే జిట్రేగి కట్టెనే చానమంది వాడుతున్నరు. పాత పద్ధతి పాలిష్‌కు లక్క కావాలె, అది ఎక్కువగ మన దేశంల దొరికేదే. తంత్రులు మొదట గొర్రె పేగులతోని చేసేది. రెండో ప్రపంచ యుద్ధంల ఆ పేగుదారం గాయాలు కుట్టనీకి పోయి, గిటార్లకు దొరకక పాయె. అప్పుడు న్యూయార్కుల ఆల్బర్ట్ అగస్టీన్ నైలాన్ తంత్రులు చేసిండు. మన మరమగ్గాల మీద ఆడే పాలిస్టర్ దారానికి అది అన్నదమ్ముల వరుస.

మన వీణ సంగతి జూడుండ్రి. బొబ్బిలి పక్కన గొల్లపల్లిల సర్వసిద్ధి ఇంటిపేరోళ్లు ఒకే పనస దుంగను తొలిచి ఏకాండి వీణ చేస్తరు. దాని 24 మెట్లు మైనం మీద కూసుంటయి. మైనం మెత్తవడితే మెట్టు కదులుతది, మళ్ల మేళం కట్టాలె. అంటే వీణ అమ్మినంక కూడ చేసినాయనతోని పని తప్పది. గిటార్ మెట్లు కట్టెల దిగేసినయి, అట్ల కదలయి. వంకలన్నీ ముందుగాలనే పట్టాలె.

ఇగ సిరిసిల్లకొద్దాం. 2017 నుంచి కొన్నేండ్లు బతుకమ్మ చీరెలని సర్కారు కాడికెల్లి కోటి దాక ఆర్డరొచ్చె, మగ్గాలాడినయి, ఇండ్లల్ల పొయ్యి వెలిగింది. మంచిదే. కాని కోటి చీరెల గిరాకి ఒక్క చీరె అంచు పట్టుకొని, "ఇక్కడ పోగు బిగువైంది, ఇంకోటి నేసుకరా, మళ్లొస్త" అని చెప్తదా? ఇదే సిరిసిల్లల నల్ల పరంధాములు అగ్గిపెట్టెల పట్టే చీరె నేసిండు. అసోంటి చీరె ఏ గిరాకి అడుగుతది? తన పనికి తనే వంక పెట్టుకునెటోడైతెనే అట్ల నేస్తడు.

వంక పెట్టుడు మనకు కొత్త కాదు. అంగట్ల ప్రతి దానికీ పెడ్తం. కాని మన వంక ధర దించనీకి, సెగోవియా వంక పని పెంచనీకి. తేడా అంత గా ఒక్క కాడనే ఉన్నది. పదమూడేండ్లు కాదన్న మనిషే, తన గిటార్ కొలతలు ఇచ్చిన మనిషి కూడ. హౌజర్ 1952ల పోయిండు. కొడుకు, మనుమడు, మునిమనుమరాలు కాత్రిన్ దాక ఆ ఇంట్ల గిటార్ల పని ఆగలే.

పండుగకు చీరె కొననీకి పోతరు గద. ధర సంగతి తరువాత, ముందుగాల నేత సంగతి అడగండ్రి. నచ్చకుంటే ఎందుకు నచ్చలేదో నేసినాయనకే చెప్పండ్రి. మళ్ల ఏడాది అదే ఇంటికి పోండ్రి. ఆయన సరిచేసి పెడ్తె మాత్రం, అడిగిన పైసలు గునుసకుంట ఇయ్యండ్రి!