మెతుకుసీమలో కల్దారు రూపాయలు

మెదకు చూడబోయేవారికి ముందుగా దర్శనమిచ్చేది చర్చి గోపురం. ఎత్తు 175 అడుగులు. కరువు రోజుల్లో జనానికి పని చూపించి అన్నం పెట్టిన కట్టడమది. పదేళ్లు కట్టి, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ చేశారు. ఊరి అంచున కొండమీద కాకతీయుల నాటి ఖిల్లా వుంది. మెతుకుదుర్గమని దాని పాత పేరు. ఖిల్లా ఎక్కుతూ వుంటే, వెంట వచ్చిన మా విద్యార్థులు నన్ను మొట్టమొదట అడిగిన ప్రశ్న: "యిక్కడ లంకెబిందెలు వున్నాయంటారా, సార్?"

లంకెబిందెల మాట అటుంచి, యీ ప్రాంతపు పాత యిళ్ల గోడల్లో, పునాదుల్లో దొరకదగినవి రాణి బొమ్మ, రాజు బొమ్మ వున్న ఇంగ్లీషు వెండి రూపాయలు. నైజాం రాజ్యంలో ఇంగ్లీషువారి నాణెం దాచడమేమిటని మీరడగవచ్చు. ఆ రోజుల్లో యిక్కడ రెండు రకాల రూపాయలు. నైజాం రూపాయి హాలి. ఇంగ్లీషు సర్కారు రూపాయి కల్దారు, అంటే యంత్రం మీద కొట్టినదని. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. కల్దారు తులం బరువు. పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి. తక్కువది ఖర్చుకు, ఎక్కువది దాపుకు. ఏ యిల్లాలి లెక్కయినా అదే కదా! 1940లో కల్దారులో వెండిని సగానికి తగ్గించారు. 1959లో హాలి చెలామణీయే ఆగిపోయింది. కుండలో పడ్డ పాత కల్దారు మాత్రం మట్టికింద నిక్షేపంగా వుండిపోయింది.

చిక్కంతా అది బయటపడ్డాకనే. గుట్టుగా పంచుకుని కరిగించేస్తే చేతికొచ్చేది వెండి ధర ఒక్కటే. కుండ కుండగా వుంటే అందులోని కడపటి నాణెం మీది సంవత్సరం చూసి, ఎప్పుడు దాచారో, ఏ భయానికి దాచారో వూహించవచ్చు. 2019లో ఇంగ్లండులోని సోమర్సెట్ పొలంలో 2,584 వెండి నాణేలు దొరికాయి. 1066 యుద్ధంలో ఓడిన హెరాల్డు, గెలిచిన విలియం, యిద్దరి బొమ్మలూ ఒకే కుప్పలో! దొరికినవారు దాచుకోలేదు, చెప్పారు. 2024లో వాటిని 43 లక్షల పౌన్లకు కొన్నారు.

మనకూ 1878 నాటి నిక్షేపాల చట్టం వుంది. పది రూపాయలు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి. "చెబితే సర్కారు పట్టుకుపోతుంది" అని చాలామంది భయం. నిజానికి వేరే హక్కుదారు తేలకపోతే, దొరికినవారికి ముప్పాతిక, స్థలం యజమానికి పాతిక అని చట్టంలోనే వుంది. సర్కారు తీసుకోదలిస్తే లోహం విలువకు అయిదోవంతు కలిపి చెల్లించాలి. దాచిపెడితే ఆ వాటా పోవడమే గాక, ఏడాదిదాకా జైలు కూడాను.

మెదకు చూసి తిరిగివచ్చేటప్పుడు సంగారెడ్డి దగ్గర కొండాపురం మ్యూజియంలో కూడా ఒక గంట గడపండి. ఆ దిబ్బలో శాతవాహనుల నాణేలు వేలకొద్దీ దొరికాయి. రోము చక్రవర్తి అగస్టసు బంగారు నాణెం కూడా బయటపడింది. అవి కంసాలి కుంపటికి పోయివుంటే, మన మెతుకుసీమకూ రోముకూ ఒకనాడు బేరసారాలుండేవని పిల్లలకు ఏం చూపించి చెప్పేవాళ్లం?