తాళపుచెవుల గుత్తి

ఉమ్మడి సొత్తును కాపాడుకొనడం మానవ సంఘమంత ప్రాచీనమైన సమస్య. పూర్వం తెలుగునాట ఉమ్మడి కుటుంబాలలో ధాన్యం, పప్పులు, నెయ్యి, బెల్లం దాచిన కొట్టుగదికి తాళం ఉండేది. ఆ తాళపుచెవుల గుత్తి ఇంటి పెద్దావిడ బొడ్లో ఉండేది. గదిలోని వస్తువులు అందరివీ; గుత్తి మాత్రం ఒకరి చేతిలోనిది. కోడలికి వంటకు కావలసినవి తీసుకొనే స్వతంత్రం ఉండేది కాని, ధాన్యం కొలిచి పరులకు ఇచ్చే అధికారం ఉండేది కాదు. పిల్లలు గడప దగ్గర నిలిచి చూడవలసినదే. ఎవరు, దేనిని, ఎంతవరకు అనే మూడు ప్రశ్నలకు సమాధానం స్పష్టంగా ఉన్న ఇంట కలహానికి తావు తక్కువ.

నేడు ఆ కొట్టుగది రూపం మారింది. కళాశాలలలో, ఆసుపత్రులలో, కార్యాలయాలలో పత్రాలను, లెక్కలను, మార్కుల పట్టికలను ఒక కంప్యూటర్‌లో భద్రపరచి, మిగిలిన కంప్యూటర్ల నుండి నెట్‌వర్క్ ద్వారా వాడుకొంటున్నారు. భద్రపరచిన యంత్రాన్ని సర్వర్ అని, వాడుకొనే యంత్రాన్ని క్లయింట్ అని అంటారు. సర్వర్‌లోని ఫోల్డర్‌ను క్లయింట్ తన సొంత ఫోల్డర్ వలె కనిపించేటట్లు తగిలించుకొనడమే ‘మౌంట్’ చేయడం. ఈ పని సాగినంతకాలం దాని ఉనికి ఎవరికీ తెలియదు. అది ఆగిన నాడే అందరి దృష్టీ దానిపై పడుతుంది.

ఈ ఏర్పాటుకు నాలుగు దశాబ్దాల చరిత్ర ఉంది. 1980ల తొలినాళ్లలో ఐ.బి.ఎం. సంస్థలో ‘సర్వర్ మెసేజ్ బ్లాక్’ అనే పద్ధతి పుట్టింది. దానినే సంక్షిప్తంగా ఎస్.ఎం.బి. అంటారు. తరువాత మైక్రోసాఫ్ట్ సంస్థ దానిని పెంచి విండోస్ యంత్రాలలో వ్యాపింపజేసింది. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ ఎన్.ఎఫ్.ఎస్. అనే మరొక పద్ధతిని రూపొందించింది. అది యూనిక్స్ యంత్రాలలో స్థిరపడింది. ఒకదాని భాష మరొకదానికి తెలియదు. ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థిగా ఉన్న ఆండ్రూ ట్రిజెల్ 1991 చివరిలో ఈ అగాధంపై వంతెన కట్టడం ప్రారంభించారు. యంత్రాల నడుమ తీగలో సాగే సంభాషణను ఆలకించి, ఏ ప్రశ్నకు ఏ సమాధానం వస్తున్నదో గమనించి, ఆయన ఆ భాషను పట్టుకొన్నారు. తెలియని దేశంలో ఫలహారశాలలో కూర్చొని, ఎవరేమి అడిగితే ఏమి వడ్డిస్తున్నారో చూచి భాష నేర్చుకొనడం వంటి పని అది. ఆ ప్రోగ్రాముకు కొత్త పేరు అవసరమైనప్పుడు ఎస్, ఎం, బి అక్షరాలు వరుసగా వచ్చే మాట కోసం పదాల పట్టికను వెదికి, ‘సాంబా’ అని పేరు పెట్టారు.

ఓపికతో ఆలకించే ఆ గుణమే నేటికీ ఈ రంగంలో పనిచేసేవారికి ప్రధానమైన పనిముట్టు. ఫోల్డర్ మౌంట్ కానప్పుడు కలవరపడి చేతికందిన మార్పులన్నీ చేసేవాడు ఒక ముడిని పది ముడులు చేస్తాడు. వివేకి అయినవాడు దారి వెంట ఒక్కొక్క అడుగును పరీక్షిస్తాడు. మొదట సర్వర్ పేరు సరియైన చిరునామాకు దారి చూపుతున్నదా అని చూస్తాడు. పేరుతో అందని యంత్రం అంకెల చిరునామాతో అందితే, లోపం పేర్ల పట్టికలో ఉన్నట్లు. తరువాత ద్వారం తెరిచి ఉన్నదా అని చూస్తాడు. ఎస్.ఎం.బి.కి 445, ఎన్.ఎఫ్.ఎస్.కు 2049 అనేవి ద్వార సంఖ్యలు. ఫైర్‌వాల్ అనే కావలివాడు ఆ ద్వారాన్ని మూసి ఉంచవచ్చు.

యంత్రం చెప్పే మాటను అక్షరాలా నమ్మరాదు. అలాగని పెడచెవిన పెట్టనూరాదు. లినక్స్‌లో 13వ సంఖ్య దోషం ‘పర్మిషన్ డినైడ్’, అంటే అనుమతి నిరాకరణ. ద్వారం దొరికింది, కావలివాడు పలికాడు, కాని వచ్చినవారిని అంగీకరించలేదని దీని అర్థం. పేరో, సంకేతపదమో, అధికారమో సరిపోలేదు. 112వ సంఖ్య దోషం ‘హోస్ట్ ఈజ్ డౌన్’ అంటుంది. అవతలి యంత్రం పడిపోయిందని దాని వాచ్యార్థం. కాని చాలా సందర్భాలలో ఆ యంత్రం నిక్షేపంగా పనిచేస్తూనే ఉంటుంది. ఒకరు ఎస్.ఎం.బి. పాత రూపంలో, మరొకరు కొత్త రూపంలో మాట్లాడడం వలన పొసగక ఆ సందేశం వస్తుంది.

ఫోల్డర్ మౌంట్ కాగానే కష్టం తీరిందనుకొనడం పొరపాటు. ఇల్లలకగానే పండుగ కాదు. ఫైళ్లు కనిపిస్తాయి, తెరుచుకొంటాయి. రాయబోతే మాత్రం నిరాకరణ ఎదురవుతుంది. లినక్స్‌లో నిర్వాహకుడు ఎస్.ఎం.బి. ఫోల్డర్‌ను మౌంట్ చేసినప్పుడు, వేరుగా చెప్పకపోతే, సాధారణంగా ఫైళ్లన్నీ అతని సొత్తుగానే కనిపిస్తాయి. ఇతరులకు చదివే భాగ్యమే మిగులుతుంది. ఏ వినియోగదారునికి, ఏ బృందానికి చెందినవిగా చూపాలో మౌంట్ చేసేటప్పుడే చెప్పడం దీనికి మందు.

ఎన్.ఎఫ్.ఎస్.లో చిక్కు మరింత విచిత్రమైనది. సాధారణ ఏర్పాటులో అది మనిషి పేరును చూడదు, సంఖ్యను చూస్తుంది. ఒక యంత్రంలో 1001వ సంఖ్య అధ్యాపకునిది కావచ్చు, మరొక యంత్రంలో అదే సంఖ్య విద్యార్థిది కావచ్చు. అప్పుడు అధ్యాపకుని ఫైళ్లు విద్యార్థి చేతికి చిక్కుతాయి. తన యంత్రంలో సర్వాధికారి అయిన నిర్వాహకుడు కూడా సర్వర్ ముంగిట అనామకునిగా నిలవవలసి వస్తుంది. ఎందుకంటే సర్వర్ సహజంగానే అతనిని ఏ అధికారమూ లేనివానిగా ఎంచుతుంది. ఏ ఊరి పెత్తనం ఆ ఊరికే పరిమితం. ఇక విండోస్‌లో రెండు ద్వారాలున్నాయి. ఉమ్మడి ఫోల్డర్‌కు ఒక అనుమతి, లోపలి ఫైళ్లకు మరొక అనుమతి. రెండింటిలో ఏది ఎక్కువ కఠినమో అదే చెల్లుతుంది. ఒక తలుపు బార్లా తెరిచి, రెండవదాని గడియ తీయకపోతే లోపలికి పోవడం ఎవరి తరమూ కాదు.

ఇటువంటి సందర్భంలోనే మనిషి శీలానికి పరీక్ష ఎదురవుతుంది. ఒక కళాశాల ప్రయోగశాలను ఉదాహరణగా తీసుకోవచ్చు. తెల్లవారితే ప్రాక్టికల్ పరీక్ష. అరవై మంది విద్యార్థుల రికార్డులు ఉమ్మడి ఫోల్డర్‌లో ఉన్నాయి. “సార్, మార్కులు సేవ్ కావడం లేదండీ” అని అధ్యాపకురాలు అంటుంది. “ఉండండి మేడమ్, అందరికీ అన్నీ ఇచ్చేస్తాను” అని ప్రయోగశాల సహాయకుడు 777 అనే సంఖ్యను నొక్కుతాడు. యూనిక్స్ సంప్రదాయంలో చదవడానికి 4, రాయడానికి 2, అమలు చేయడానికి 1. మూడూ కలిస్తే 7. యజమానికి 7, బృందానికి 7, లోకంలోని వారందరికీ 7. క్షణంలో పని జరుగుతుంది. అందరూ సంతోషిస్తారు. కాని ఆ క్షణం నుండి ఏ విద్యార్థి అయినా మరొకని రికార్డును తుడిచివేయవచ్చు, మార్కులను దిద్దవచ్చు. ఎవరు దిద్దారో నిరూపించడం కూడా కష్టమే. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకొన్నట్లు, చిన్న నిరాకరణను తప్పించుకొనడానికి అరవై మంది శ్రమను వీధిలో పెట్టినట్లయింది.

సరియైన మార్గం కొంచెం దూరమైనది, అంతే. అధ్యాపకులను ఒక బృందంగా ఏర్పరచాలి. మార్కుల ఫోల్డర్‌ను ఆ బృందానికి అప్పగించి, అందులో కొత్తగా పుట్టే ఫైళ్లు కూడా ఆ బృందానికే చెందేటట్లు నియమించాలి. ప్రతి విద్యార్థికీ సొంత ఫోల్డర్ ఇచ్చి, అందులో మాత్రమే రాసే అధికారం ఉంచాలి. యంత్రం తనంతట తాను మౌంట్ చేసుకొనడానికి కావలసిన సంకేతపదాన్ని అందరూ చదువగలిగే చోట గాక, నిర్వాహకుడు మాత్రమే చదువగలిగే ఫైల్‌లో దాచాలి. ఇందుకు పట్టే సమయం ఒక పూట. అది కాపాడేది ఒక సంవత్సరపు కృషి.

పాత ద్వారాన్ని తెరిచి ఉంచడం ఎంత ప్రమాదకరమో 2017 మే నెలలో ప్రపంచం చూచింది. విండోస్‌లోని ఎస్.ఎం.బి. మొదటి రూపంలో ఉన్న లోపం ద్వారా ‘వాన్నక్రై’ అనే దుష్ట ప్రోగ్రాము యంత్రం నుండి యంత్రానికి పాకి, ఫైళ్లను చదవరాని విధంగా మార్చి, విడిపించడానికి సొమ్ము కోరింది. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే సవరణ విడుదల చేసింది. సవరణ వేసుకోని యంత్రాలు బలి అయ్యాయి. ఇంగ్లండులో ప్రభుత్వ వైద్య సేవాసంస్థలలో సుమారు మూడవ వంతుకు అంతరాయం కలిగింది. వేలాది రోగుల చికిత్సలు, వైద్య పరీక్షలు వాయిదా పడ్డాయి. అటు తరువాత కూడా పాత పరికరం ఒకటి మౌంట్ కానప్పుడు “ఆ మొదటి రూపాన్నే మళ్లీ తెరిస్తే పోలేదా?” అనే ఆలోచన మనసులో మెదలుతుంది. అదీ 777 వంటి ప్రలోభమే. పాత పరికరాన్ని మార్చడమో, వేరుగా ఉంచడమో మేలు.

నిరాకరణ అవమానం కాదు. అది కావలివాడు వేసే ప్రశ్న: నీవెవరు, నీకు కావలసినదేమి, ఎంతవరకు? ఆ ప్రశ్నకు సరియైన సమాధానం వెదకడం సమస్యను పరిష్కరించడం. కావలివానినే తొలగించడం సమస్యను దాచిపెట్టడం. కంప్యూటర్ విద్య అభ్యసించే యువతీయువకులు రేపు ఎందరి పత్రాలకో, ఎందరి ఆరోగ్య వివరాలకో, ఎందరి మార్కులకో కాపలాదారులవుతారు. వారి చేతికి అందేది యంత్రపు ఆజ్ఞల పట్టిక కాదు, పదిమంది నమ్మి అప్పగించిన తాళపుచెవుల గుత్తి. ఎవరికి ఎంత అవసరమో అంతే ఇవ్వడం, ఇచ్చినదానిని గుర్తుంచుకొనడం, అవసరం తీరగానే తిరిగి తీసుకొనడం ఆ గుత్తిని పట్టుకొనే చేతికి ఉండవలసిన లక్షణాలు.